అంకాలమ్మ మాటలు

అంకాలమ్మ చనిపోయిన రోజు ఇసుకలో ఆరబోసిన నెత్తళ్లను ఎవరూ ఎత్తలేదు. పొద్దున పరిచిన చేపల్ని మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యాలి, పొద్దు వాలేలోగా గంపల్లోకి ఎత్తాలి. ఆ పని అంకాలమ్మదీ, ఆమె కూతురు పేరమ్మదీ. అంకాలమ్మ గుండె పట్టుకుని గుడిసె ముందర ఒరిగిపోయినప్పుడు పేరమ్మ చీపురు పట్టుకుని నెత్తళ్ల పక్కన నిలబడి ఉంది. జనం వచ్చారు. ఏడ్చారు. నీళ్లు పోశారు. మోసుకుపోయారు. పేరమ్మ కూడా వాళ్ల వెనకాల దిబ్బలదాకా నడిచింది. ఆడవాళ్లు అక్కడికి పోకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అలాంటివి చెప్పే మనిషి పాడె మీద ఉంది. తల్లిని ఇసుకలో పెట్టడం చూసి, తిరిగి వచ్చి, మళ్లీ నెత్తళ్ల పక్కన నిలబడింది. కాకులు దిగాయి. చీపురు చేతిలోనే ఉన్నా వాటిని తోలలేదు.

"చూడండే, కంట్లో ఒక్క చుక్క లేదు," అన్నది పక్కింటామె. "మతి లేని ముండకు తల్లయితే ఏంది, కాకయితే ఏంది."

మాలకొండమ్మ ఆ మాట విన్నది. ఆమె అంకాలమ్మ కోడలు, కామాక్షయ్య భార్య. ఆడబిడ్డను వెనకేసుకొచ్చే ఓపిక ఆమెకు ఆ పూట లేదు. పిల్లలిద్దరూ ఆకలికి ఏడుస్తున్నారు. కామాక్షయ్య దిబ్బల దగ్గరినుంచి వచ్చి స్నానం చేసి, తడిగుడ్డ మార్చకుండానే, చుట్టిపెట్టిన వల మీద కూర్చున్నాడు. ఎవరో పొడిపంచె ఇస్తే తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. పంచె ఒళ్లోనే ఉండిపోయింది.

పెద్దదినం దాకా ఆ ఇంటివాళ్లు సముద్రం మీదికి పోకూడదు, చేప ముట్టకూడదు. ఆ రోజుల్లో పేరమ్మ పొద్దున్నే లేచి, చేపలు కోసే చోట పీట వేసుకుని, కత్తి పక్కన పెట్టుకుని కూర్చునేది. ముప్పై ఏళ్లకు దగ్గరపడిన మనిషి. తల్లి దువ్వి ముడివేసిన జుట్టు అలాగే ఉంది, రోజురోజుకూ కొంచెం కొంచెం జారుతూ. అన్నం తినమంటే తినేది. లెమ్మంటే లేచేది. ఏమీ చెప్పకపోతే కూర్చున్న చోటే పొద్దు గుంకేది.

పెద్దదినం అయ్యాక కూడా కామాక్షయ్య తెప్ప దించలేదు. తెప్ప అతనిది కనుక, తోడుగా పోయే హజరత్తయ్య ఇంకొకరిని వెంట బెట్టుకుని పోయి, ఇంటి వంతు చేపలు తెచ్చి గుమ్మంలో పోశాడు. మాలకొండమ్మ కవళ్ల చేపల గంప ఒకటి ఎత్తి పేరమ్మ ముందు పెట్టి వంటకు పోయింది. కాసేపటికి వచ్చి చూస్తే పేరమ్మ ఒక చేపను ఎడమచేతిలో పట్టుకుని అట్లాగే చూస్తూ ఉంది.

"కొయ్యవేమే? ఈగలు ముసురుతుండాయి."

పేరమ్మ కత్తి తీసుకుంది. చేప జారింది. కత్తి ఆమె బొటనవేలి కింద కండలోకి దిగింది. ఆమె కేక వెయ్యలేదు. నెత్తురు చేపలమీద కారుతుంటే దానివైపు, వదినవైపు మార్చి మార్చి చూసింది. ఎన్నో ఏళ్లుగా గంపలకు గంపలు కోసిన చెయ్యి అది. మాలకొండమ్మ పసుపు అద్ది గుడ్డ కట్టింది. మిగిలిన చేపలు తనే కోసింది. నడుము విరిగినట్టయింది. విసుక్కుంది.

మరునాడు పొద్దున ఆమె ఇంటి వెనక కుండ కడుగుతుంటే ముందరివైపునుంచి అత్త గొంతు వినిపించింది.

"ఏమేవ్, కళ్లు యాడ బెట్టుకున్నావే? పొట్ట కొయ్యి."

"కోస్తుండానమ్మా."

"పేగు తియ్యి. నీళ్లలో ముంచు. ముంచినావా?"

"ముంచినా."

కుండ చేతిలోంచి జారి పగిలింది. పొగాకు నమిలి నమిలి జీరపోయిన గొంతు. మాట చివర చిన్న దగ్గు. ఆ దగ్గుతో సహా అది అంకాలమ్మే. మాలకొండమ్మ ముందరికి పరుగెత్తి వచ్చేసరికి పేరమ్మ ఒక్కతే ఉంది. గుడ్డ కట్టిన చేత్తోనే చేప కోస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

"తలా తోకా మార్చి పెట్టవే. ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

"మార్చినానమ్మా."

మాలకొండమ్మ గుమ్మంలోకి వెనక్కి జరిగింది. ఆమె పిలవకముందే చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చేశారు. ఎవరో పోయి చిన్నపోలయ్యను తీసుకొచ్చారు. చిన్నపోలయ్య ఊరిపెద్ద. పోలేరమ్మ గుడి పూజ కూడా ఆయనదే. చనిపోయిన అంకాలమ్మకు వరసకు తమ్ముడు. వేపమండ చేతబట్టుకుని వచ్చి పేరమ్మ ఎదుట గొంతుక్కూర్చున్నాడు. పసుపునీళ్లు ఆమె తలమీద చల్లాడు. ఆయన గొంతులో కోపం లేదు. పెద్ద అక్కతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"అక్కా, అంకాలమ్మక్కా. ఏందక్కా ఇది? పోయినదానివి పోకుండా ఈ ఎర్రిబాగుల దాని మీదికి వచ్చినావు. నీకేం లోటు చేసినారో చెప్పు. కొడుకు తీరుస్తాడు."

పేరమ్మ కళ్లలోకి పసుపునీళ్లు పోయాయి. తుడుచుకుంది. అంతమంది ఎందుకు నిలబడ్డారో ఆమెకు తెలియలేదు. చేతిలో చేప ఉంది. పని సగంలో ఉంది.

"ఉప్పు చాల్లేదు," అన్నది తల్లి గొంతుతో. "ఇంకొంచెం పట్టించు."

ఆడవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. చిన్నపోలయ్య కళ్లు తడిశాయి. "విన్నారా? ఉప్పు తక్కువైందంట. ఉప్పుతోనే బతికిన మనిషి. మనం పసుపూ కుంకుమా పెట్టినాం గానీ, గుప్పెడు ఉప్పు పెట్టాలని ఒక్కరికన్నా తోచిందా?"

ఆ సాయంత్రం గంపెడు ఉప్పు దిబ్బలకు మోసుకుపోయి అంకాలమ్మను పెట్టిన చోట పోశారు. చిన్నపోలయ్య తన ఇంటినుంచి ఇంకొక చాటెడు తెచ్చాడు. కామాక్షయ్య కూడా వెళ్లాడు. అందరూ దండం పెడుతుంటే అతను చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. హజరత్తయ్య మోచెయ్యి తాకితే అప్పుడు చేతులు జోడించాడు.

ఆ ఉప్పు మంచుకు కరిగి ఇసుకలోకి దిగిపోయింది. పొద్దున్నే పేరమ్మ పీట మీద కూర్చుని "ఏమేవ్, కళ్లు యాడ బెట్టుకున్నావే?" అని మొదలుపెట్టింది.

చిన్నపోలయ్య గుడి ముందర నలుగురినీ కూర్చోబెట్టి తేల్చేశాడు. ఇది తన వేపమండకు లొంగేది కాదు. దయ్యమో, దయ్యంతో పాటు పిచ్చో. పడమట కొండకింది గుడికి తీసుకుపోయి అక్కడ వదలాలి. మండపం స్తంభాలకు గొలుసులుంటాయి. పూటకొక ముద్ద పెడతారు. తగ్గినవాళ్లు తిరిగివస్తారు.

"తగ్గకపోతే?" అన్నాడు హజరత్తయ్య.

"తగ్గకపోతే అక్కడే దేవుడి కాళ్ల కాడ ఉంటారు. మన ఇళ్లకాడికంటే అదేం చెడ్డచోటా?"

కామాక్షయ్యను ఏమంటావని అడిగారు. "మీరెట్లంటే అట్ల," అన్నాడు.

మాలకొండమ్మ ఆ గుడిని చిన్నప్పుడు ఒకసారి చూసింది. గొలుసు ఒరుసుకుని స్తంభాల అడుగున రాయి నున్నగా అయి ఉంటుంది. ఒక ముసలామె, చాప చుట్టి పక్కన పెట్టుకుని, ఎవరో వస్తారన్నట్టు దారికేసి చూస్తూ కూర్చుని ఉండటం ఆమెకు గుర్తుంది. అయినా ఆ మాట విన్నప్పుడు ఆమెకు కలిగింది భయం కాదు. భుజం మీది గంప ఎవరో దించుకున్నట్టు అనిపించింది. అత్త లేదు. మొగుడు కూర్చున్నచోటు నుంచి లేవడం లేదు. పిల్లలు, పొయ్యి, చేపలు. వీటిమధ్య ఈ మనిషిని లేపి, తల దువ్వి, తినిపించి, పని చేయించడం తన వల్ల అవుతుందా? అవదు. అవదని ఎవరూ తనను తప్పుబట్టరు కూడా.

బయలుదేరడానికి రెండు మూడు రోజులు పట్టింది. ఈలోగా చేపలు ఆగవు. మాలకొండమ్మ కూడా కత్తిపీట తెచ్చుకుని, భయం దాచుకుని, పేరమ్మకు కాస్త ఎడంగా కూర్చుంది. దగ్గరినుంచి చూసేసరికి మొదట కనబడింది చేతులే. "పొట్ట కొయ్యి" అంటుంది, తరవాత కత్తి కదులుతుంది. "పేగు తియ్యి" అంటుంది, అప్పుడు వేలు లోపలికి పోతుంది. మాట ముందు, చెయ్యి వెనక. దగ్గు వస్తే చెయ్యి ఆగుతుంది. దగ్గు అయ్యాక మళ్లీ సాగుతుంది. మాట లేకుండా చెయ్యి ఒక్కసారి కూడా కదలలేదు.

ఆ రోజు చేపల్లో ఒక టేకు వచ్చింది. చాటంత వెడల్పు చేప, తోక మొదట్లో విషపు ముల్లు. అంకాలమ్మ టేకును ఎప్పుడూ కూతురికి ఇచ్చేది కాదు, తనే కోసేది. పేరమ్మ దాన్ని ముందరికి లాక్కుంది. "ఏమేవ్" అన్నది తల్లి గొంతుతో. ఆగిపోయింది. మళ్లీ "ఏమేవ్" అన్నది. ఆ తరవాత మాట లేదు. ఆమె ముఖం చిన్నబోయింది. తలెత్తి వదినవైపు చూసింది.

మాలకొండమ్మ ఆలోచించి అన్నది కాదు. "తోక ఒడిసి పట్టుకోవద్దే, ముల్లుండాది. గుడ్డ వేసి పట్టుకో. మొదలుకాడ నరుకు."

"నరుకుతుండా వదినా," అన్నది పేరమ్మ. అది ఆమె సొంత గొంతే. పిల్లలాంటి, కొంచెం ముక్కుతో పలికే గొంతు. తోక నరికింది.

"ముల్లు దూరంగా పారెయ్. పిల్లోళ్లు తొక్కుతారు."

"పారేసినా."

"రెక్క కొయ్యి."

"ఏ రెక్క వదినా?"

"నీ చెయ్యి పక్కది."

అట్లా ఆ చేప అయిపోయింది. మాలకొండమ్మ నోరు ఆపలేదు. కవళ్ల గంప దగ్గరికి జరిపి, పొట్ట కొయ్యి, పేగు తియ్యి, ముంచు, ఉప్పు పట్టించు, తలా తోకా మార్చు అని చెప్పుకుంటూ పోయింది. గంప ఖాళీ అయ్యేదాకా అంకాలమ్మ గొంతు వినబడలేదు. చివరికి మాలకొండమ్మ గొంతు ఎండిపోయి నీళ్లకు లేచింది. చెంబు ఎత్తి తాగబోతూ ఆగింది. పెళ్లయి వచ్చిననాటి నుంచీ అత్తను నోరు మూతపడని మనిషనుకుంది. ఆ నస భరించలేక ఎన్నోసార్లు ఇంటి వెనక్కి పోయి కూర్చుంది. పుట్టింటికి పోయినప్పుడు ఆ నసను అనుకరించి చెల్లెళ్లను నవ్వించింది కూడా.

ఆమె చిన్నపోలయ్య ఇంటికి వెళ్లింది. ఆయన అరుగు మీద వల కంతలు కుడుతున్నాడు. మాలకొండమ్మ గుమ్మం పక్కన నిలబడి తను చూసింది చెప్పింది.

"దయ్యం కాదు పెద్దమావా. మా యత్త పని చెప్పే మాటలే అవి. రోజూ చెప్పేదే. పేరమ్మే తనకు తాను చెప్పుకుంటుండాది."

"నువ్వే అంటుండావు గదమ్మా, మీ యత్త మాటలేనని."

"అవును."

"మీ యత్త గొంతే గదా?"

"గొంతూ అదే."

"చచ్చిపోయినామె మాటలు, చచ్చిపోయినామె గొంతుతో వస్తుంటే దాన్ని దయ్యమనక ఏమంటారే తల్లీ?" ఆయన నిజంగానే అడిగాడు. సూది ఆపి జవాబుకోసం చూశాడు కూడా. తరవాత మళ్లీ సూది కదిపాడు. "పో. దాని గుడ్డలు మూట కట్టు. నీకు మంచి మనసు. అందుకే భయమేస్తుంది."

కొండకింది గుడికి పోవాలంటే ఉప్పుకాలువ పడవలో దాటి, వాకాడు దాకా నడిచి, బస్సులో నాయుడుపేట చేరి, అక్కడ ఇంకొక బస్సు పట్టుకోవాలి. పిల్లలను హజరత్తయ్య ఇంట్లో దించారు. పేరమ్మ చాప, పళ్లెం, రెండు చీరలు ఒక మూట. కామాక్షయ్య వలతాడు ముక్క తెచ్చి ఒక కొస పేరమ్మ కుడి మణికట్టుకూ, ఇంకో కొస తన ఎడమచేతికీ కట్టుకున్నాడు. దారిలో ఆమె ఎటైనా పోతుందని చిన్నపోలయ్య అట్లా కట్టమన్నాడు. అతను ముడి వేసేటప్పుడు వేళ్లు తడబడ్డాయి. రోజూ కళ్లు మూసుకునైనా వేసే ముడి అది.

"యాడికన్నా?" అంది పేరమ్మ.

అతను ముడిని ఇంకోసారి లాగి చూశాడు.

"నాయుడుపేటకు," అన్నది మాలకొండమ్మ. అది అబద్ధం కాదు.

ఉప్పుకాలువ దాటేటప్పుడు పడవలో కామాక్షయ్య అంచున కూర్చున్నాడు. నీళ్లవైపు చూస్తూ ఉండిపోయాడు. పడవ ఒడ్డుకు తగిలింది, అందరూ దిగారు. అతను దిగలేదు. తాడు సాగి పేరమ్మ చెయ్యి వెనక్కి లాగింది. ఆమె "అన్నా, అన్నా" అని తాడు పట్టి లాగితే అప్పుడు లేచాడు. పడవవాడు నవ్వాడు. "ఎవురు ఎవురిని పట్టుకపోతుండారబ్బా?"

నాయుడుపేటలో రెండో బస్సు మధ్యాహ్నానికి గానీ లేదన్నారు. పేరమ్మ చేతి గుడ్డ చీముతో తడిసి ఉంది. చెయ్యి మోచేతిదాకా వాచింది. ఈ చెయ్యితో వదిలిపెడితే గుళ్లో ఎవరు చూస్తారు? ఆ ఆలోచన వచ్చాక మాలకొండమ్మ ఊరుకోలేకపోయింది. బస్సు వచ్చేలోగా కట్టు కట్టించుకుందామని ఇద్దరినీ సర్కారు ఆసుపత్రికి నడిపించింది.

వసారాలో జనం. గోడమీద మశూచి టీకాల బొమ్మ. వీళ్ల వంతు వచ్చేసరికి డాక్టరు క్రీస్తురాజు ఆకలి మీద ఉన్నాడు. సన్నగా పొడుగ్గా ఉన్న నడివయసు మనిషి. ఒక్కొక్కరిని తల ఎత్తకుండానే చూసి పంపిస్తున్నాడు. పేరమ్మ చేతికి కట్టిన తాడు చూసి తలెత్తాడు.

"ఇదేంది?"

"పిచ్చండీ," అన్నాడు కామాక్షయ్య.

"కుక్క కరిచిందా?"

"లేదు సార్. మా యమ్మ మీదికొచ్చి మాట్లాడతుండాది."

డాక్టరు కత్తెర తీసుకుని తాడును పేరమ్మ మణికట్టు దగ్గర కత్తిరించాడు. తాడు కామాక్షయ్య చేతినుంచి వేలాడింది. గుడ్డ విప్పి, చీము పిండి, కడుగుతూ మాట్లాడాడు. పేరమ్మ మొహం ముడుచుకుంది గానీ చెయ్యి లాక్కోలేదు.

"ఎప్పటినుంచి ఇట్లా?"

"అమ్మ పోయినప్పటినుంచి."

"అంతకుముందు బాగుండేదా? ఇంట్లో పనులు ఒక్కతే చేసుకునేదా? సంతకు పోయి సరుకు తెచ్చేదా?"

"యాడ సార్. చిన్నప్పటినుంచీ అంతే. నడక కూడా ఆలస్యంగానే వచ్చింది. నేనే చంకనేసుకుని తిరిగినా. మాటా ఆలస్యమే."

"బడికి?"

"పంపినాం. ఐవోరు రెండు వారాలు చూసి, ఇంటికాడ ఉంచుకోమన్నాడు."

డాక్టరు మందు పూస్తూ పేరమ్మను అడిగాడు. "నీ పేరేందమ్మా?"

"పేరమ్మ."

"మీ అమ్మ యాడుంది?"

ఈ మాట ఇన్ని రోజులుగా ఎవరూ అడగలేదు. చిన్నపోలయ్య అడిగింది అంకాలమ్మను. పేరమ్మను కాదు.

"ఇసకలో పెట్టినారు," అన్నది పేరమ్మ. "నేను చూసినా."

"నీతో మాట్లాడతుందా?"

పేరమ్మ డాక్టరును వింతగా చూసింది. ఇంత పెద్దమనిషికి ఇది తెలియదా అన్నట్టు. "చచ్చిపోయింది గదా. ఎట్ట మాట్లాడతాది?"

"మరి ఆ మాటలు ఎవరివి?"

"అమ్మవే. అమ్మ చెప్పదు గదా ఇంక. నేనే చెప్పుకుంటుండా." చేతి గాయంవైపు చూసుకుని, "చెప్పకపోతే నాకు రాదు," అంది.

కంపౌండరు నవ్వబోయి డాక్టరు మొహం చూసి ఆగాడు. కట్టు కట్టడం అయిపోయింది.

"ఎక్కడికి తీసుకుపోతున్నారు?" అన్నాడు డాక్టరు మూటవైపు చూసి. మాలకొండమ్మ చెప్పింది. డాక్టరుకు ఆ గుడి తెలుసు. అక్కడి గొలుసు పుండ్లకు ఆయన కట్లు కట్టాడు.

"చూడమ్మా. పిచ్చి అనేది బాగున్న మనిషికి వచ్చేది. దానికొక మొదలుంటుంది. ఆ మనిషిని ఎరిగినవాళ్లు, ఫలానా అప్పటినుంచి మారిపోయినాడని చెప్పగలుగుతారు. ఈమెకేం మారలేదు. పుట్టినప్పటినుంచీ బుద్ధి నిదానంగా ఎదిగింది. ఎదిగినంతలో వాళ్లమ్మ పని నేర్పింది. పోగొట్టడానికి ఇది జబ్బు కాదు, మందూ లేదు. నేర్పుకోవడమే. గుళ్లో కట్టేస్తే వచ్చిన నాలుగు మాటలూ పోతాయి."

మాలకొండమ్మ తల ఊపింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ, తువ్వాలు కోసం తిరిగి, గోడకు ఆనుకుని ఉన్న కామాక్షయ్యను చూశాడు. తాడు అతని చేతికి ఇంకా వేలాడుతోంది. విప్పుకోలేదు. అంతసేపూ జరిగింది ఎవరో పరాయివాళ్ల సంగతి అన్నట్టు నేలకేసి చూస్తున్నాడు.

"నువ్వేం చేస్తావబ్బయ్యా?"

"తెప్ప మీద పోతాను సార్."

"ఇప్పుడు పోతుండావా?"

"లేదు."

"నిద్ర పడుతుందా?"

"నిద్రేముంది లెండి."

"తిండి?"

మాలకొండమ్మ చెప్పింది. "రెండు ముద్దలు తిని లేస్తాడు సార్. కోడి కూయకముందే లేచి వల మీద కూర్చుంటాడు. తల్లిపోయిన దుఃఖం."

"అంతకుముందు ఎప్పుడైనా ఇట్లా ఉన్నాడా?"

లేదని చెప్పబోయింది. కిందటి ఏడాది కార్తీక వానలప్పుడు ఇట్లాగే కొన్నాళ్లు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు ఎవరూ చనిపోలేదు. అత్త రోజూ పొద్దున్నే వచ్చి పక్కన కూర్చుని ఏదో ఒకటి చెబుతూ, తిడుతూ లేపేది. వానలకు ఒళ్లు బరువెక్కిందని అందరూ అనుకున్నారు. తరవాత తనంతట తనే లేచాడు. ఆ సంగతి చెప్పింది.

డాక్టరు కుర్చీ లాక్కుని కామాక్షయ్యకు ఎదురుగా కూర్చున్నాడు. ఆకలి సంగతి మరిచిపోయినట్టున్నాడు. "సముద్రం మీదికి ఎందుకు పోవడం లేదు?"

కామాక్షయ్య చేతికి వేలాడుతున్న తాడు కొస చూసుకున్నాడు. తరవాత, గాలి ఎటు వీస్తుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"పోతే మళ్లా రాబుద్ధి కాదు సార్. అందుకే తెడ్డు హజరత్తయ్యకు ఇచ్చేసినా. ఇంటో ఉంటే ఏదో ఒకనాడు తీసుకపోతానని."

తెడ్డు ఇచ్చిన రోజు మాలకొండమ్మ అక్కడే ఉంది. తల్లిపోయిన బాధలో మంచితనం ఎక్కువైందనుకుంది. హజరత్తయ్య కూడా అదే అన్నాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. పేరమ్మ కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, దాన్ని గుండెకు ఆనించుకుని, అన్నను చూస్తోంది.

డాక్టరు మాలకొండమ్మను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు. అతనిది మధ్యలో వచ్చిన జబ్బు. ఒకసారి వచ్చిపోయింది, మళ్లీ వచ్చింది. దుఃఖం తోడైంది. మద్రాసులో దీనికి వైద్యం ఉంది, తన దగ్గర నిద్రమందు మాత్రమే ఉంది. ఆ మాత్రలు ఆమె దగ్గరే ఉంచుకోవాలి. ఒంటరిగా వదలకూడదు. ఆలస్యం చెయ్యకూడదు.

"మద్రాసులో ఏ ఆసుపత్రి సార్?"

డాక్టరు చెప్పాడు. ఆ పేరు ఆమెకు తెలుసు. తీరం పొడుగునా అందరికీ తెలుసు. పిచ్చోళ్లుండే చోటని తిట్టుకు వాడతారు.

కొండకింది గుడికి పోయే బస్సు వచ్చింది. జనం ఎక్కారు. అది వెళ్లిపోయింది. సాయంత్రం వాకాడు బస్సులో ముగ్గురూ కూర్చున్నారు. కామాక్షయ్య చేతినుంచి వేలాడుతున్న తాడు కొసను మాలకొండమ్మ తీసుకుని, తన వేళ్లకు రెండు చుట్లు చుట్టుకుని, పైట కింద పెట్టుకుంది. అతను చూశాడు.

వాకాడులో తెలిసినవాళ్ల పంచన పడుకుని పొద్దున్నే ఊరు చేరేసరికి చిన్నపోలయ్య ఒడ్డునే ఎదురొచ్చాడు. పేరమ్మను చూసి ఆగిపోయాడు.

"అదేందే, మళ్లా తోలకొచ్చినావు?"

"దయ్యం లేదంట పెద్దమావా. పిచ్చీ కాదంట. పుట్టుకంట."

"ఎవురు చెప్పింది?"

"నాయుడుపేట డాక్టరు."

"ఆ కిరస్తానం డాక్టరా? ఆయన దయ్యాన్ని నమ్ముతాడా ఏంది?" అన్నాడు. మళ్లీ పేరమ్మ తెల్లకట్టు చూసి, "చెయ్యి బాగా కట్టినాడులే," అని ఒప్పుకున్నాడు. "సరే. నువ్వు సాక్కుంటానంటే నాకేం. మీ యత్త గొంతు వినబడితే మాత్రం ఊళ్లో ఆడోళ్లు ఊరుకోరు."

"వినబడదు. నేను చెపుతా."

"మరి వీడేంది, అట్లుండాడు?" అన్నాడు కామాక్షయ్యవైపు గడ్డంతో చూపిస్తూ.

మాలకొండమ్మ నోరు తెరిచింది. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. తెప్పల దగ్గరినుంచి హజరత్తయ్య వస్తున్నాడు. మొన్నటిదాకా పేరమ్మను ఏ మాటతో పిలిచారో ఆ మాటే ఇప్పుడు తను చెప్పవలసింది. ఆ మాట ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి పోదు. అతని తెప్ప మీద తోడుకు ఎవరు ఎక్కుతారు? రేపు ఆమె పిల్లలను కూడా ఆ మాటతోనే పిలవరా?

"తల్లి పోయిన కొడుకు," అని ఆయనే జవాబు చెప్పుకున్నాడు చిన్నపోలయ్య. "నాలుగు రోజులు అట్లనే ఉంటాడు. మగోడు గదా, ఏడవలేడు." కామాక్షయ్య భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ మరునాడు పొద్దున మాలకొండమ్మ పొయ్యి రాజేస్తుంటే మళ్లీ అత్త గొంతు వినబడింది. గిన్నె దించి బయటికి వచ్చింది. చేపలు ఇంకా రాలేదు. పేరమ్మ పీట దగ్గర లేదు. వల మీద కూర్చున్న అన్న పక్కన, తల్లి కూర్చునేటట్టే ఒక మోకాలు పైకి పెట్టి కూర్చుని ఉంది.

"లెయ్యరా నాయనా, పొద్దెక్కింది. మొగం కడుక్కో. గంజి చల్లారిపోతుండాది."

చిన్న దగ్గు.

"ఏందిరా ఆ కూర్చోవడం? సముద్రం నీకోసం ఆగతాదా? లెయ్యి."

పక్కింటామె తడిక మీదుగా తల పెట్టి చూసింది. మాలకొండమ్మ ఆమెతో చూపు కలపలేదు. పేరమ్మనూ ఆపలేదు. కామాక్షయ్య చెల్లెలి ముఖంలోకి చూశాడు. లేచాడు. తొట్టి దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాడు. మాలకొండమ్మ గంజి చెంబు తెచ్చి ఇచ్చింది. నిలబడే సగం తాగాడు. చెంబు కింద పెట్టి, వెనక్కి వచ్చి, మళ్లీ వల మీద కూర్చున్నాడు.

పేరమ్మ ఆ తరవాత చెప్పవలసిన మాటకోసం చూసింది. తల్లి అక్కడినుంచి ఏం చెప్పేదో ఆమెకు గుర్తు రాలేదు. వదినవైపు తిరిగింది.

మాలకొండమ్మకూ తెలియదు. కార్తీక వానల్లో అత్త అతనితో ఏం మాట్లాడేదో ఆమె ఎన్నడూ విననే లేదు. అప్పుడు ఇంటి వెనక కూర్చుని ఉంది.

తెప్పలు ఒడ్డుకు వచ్చాయి. హజరత్తయ్య కవళ్ల గంప తెచ్చి పోశాడు. మాలకొండమ్మ పీటలు రెండూ వల పక్కకు, కామాక్షయ్యకు దగ్గరగా జరిపి వేసి కూర్చుంది.

"పొట్ట కొయ్యి," అన్నది.

"కోస్తుండా వదినా."

నిద్రమాత్రలు ఆమె కొంగుముడిలో ఉన్నాయి. తెడ్డు హజరత్తయ్య ఇంట్లోనే ఉంది. అది ఎందుకు ఇచ్చాడో హజరత్తయ్యకు ఇంకా తెలియదు. మద్రాసుకు పోవాలన్న మాట కామాక్షయ్యతో ఇంకా ఎవరూ అనలేదు.